వీధిబడిలో పదాంతధ్వని

తెలుగు మాటలో అర్థమును నడిపించునది చాలవరకు దాని తుదియక్షరము. రాముడు, రాముని, రామునికి, రామునితో అనునప్పుడు మొదటిభాగము ఇంచుమించు కదలక నిలిచియుండగా, పని చేసినవాడెవడు, దానిని పొందినవాడెవడు, తోడుండినవాడెవడు అను సంగతి యంతయు కొననున్న ఒకటిరెండు అక్షరములమీదనే ఆధారపడియున్నది. వచ్చితిని, వచ్చితివి, వచ్చితిమి అనుచోట వచ్చినది నేనో, నీవో, మేమో తెలిపెడిదియు ఆ కొనయే. అట్టి భాషను పసివాండ్రకు నేర్పవలసివచ్చిన మన పూర్వులు పదాంతధ్వనిని వారి చెవికి పట్టించుటకై అవలంబించిన పద్ధతులు, వానికి ప్రత్యేకమైన నామధేయమేదియు లేకపోయినను, మన విద్యాచరిత్రలో ఆదరముతో చదువదగిన భాగమని నా నమ్మకము.

మన వీధిబడులు పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఎట్లు నడచుచుండెనో తెలిసికొనుటకు, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో కోరగా జిల్లా కలెక్టరులు పంపిన నివేదికలు గొప్ప ఆధారములు. వానిలో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టునందు వ్రాసి పంపినది మిక్కిలి విపులమైనది. ఆయన 1816లోనే తెలుగునకు ఒక వ్యాకరణమును రచించి ప్రకటించిన విద్వాంసుడగుటచే బడిలో జరుగుదానిని చెవియొగ్గి వినగలిగెను. నేటి అనంతపురపు సీమ కూడ చేరియుండిన ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులును, వానియందు 6,641 మంది పిల్లలును ఉండిరనియు, ఆ బడులలో 226 తెలుగు బడులనియు ఆయన లెక్క. ఉదయము ఆరు గంటలకే బడి కూడును. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరును, రెండవవాని చేత సున్నయు వ్రాయుదురు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి హెచ్చు. ఐరోపాఖండమునందువలె అక్షరముల పేళ్లు వల్లించుటతో కాక, ఇసుకలో వ్రేలితో దిద్దుటతో ఇచ్చట చదువు మొదలగుననియు, చేయి కుదిరిన పిమ్మటనే తాటియాకును గంటమును పిల్లవాని చేతికి వచ్చుననియు ఆయన గమనించెను.

ఇసుకలో ఓనమాలు దిద్దిన బాలుడు తరువాత ఎక్కవలసిన మెట్టు గుణింతము. కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, కొమ్మిస్తే కు అని బడియంతయు ఏకకంఠముగా రాగము తీయునప్పుడు జరుగునదేమో ఒకింత నిదానించి చూడవలెను. హల్లు ఒక్కటే, దాని వెంట వచ్చు అచ్చు మాత్రము మారుచుండును. కా అనునప్పుడు తెరచుకొన్న నోరు, కి అనునప్పుడు సాగిన పెదవులు, కు అనునప్పుడు గుండ్రమైన పెదవులు, ఈ భేదమును బాలుడు కంటితోను, నోటితోను, ఇసుకలో కదలు వ్రేలితోను ఒక్కమారుగా అనుభవించును. క మొదలు ఱ వరకు హల్లులన్నిటికిని ఇదియే వరుస నెలల తరబడి సాగినమీదట, ఏ మాట యే అచ్చుతో ముగియుచున్నదో ఆ పిల్లవానికి వేరుగ చెప్పవలసిన పనియుండదు. అచ్చతెనుగు మాటలు మిక్కిలిగా అచ్చులతోనే ముగియును గావున, గుణింతము వచ్చినవానికి పదాంతధ్వని పట్టుబడినట్లే.

సంస్కృతమునకు కూర్చుండిన పిల్లలకు ఈ శిక్షణ మరింత స్పష్టమైన రూపమున లభించెను. విభక్తిరూపములను నేర్పు శబ్దమంజరి యను పుస్తకములో ప్రతి శబ్దమును చెప్పబోవుటకు ముందు, ఇది అకారాంతము, పుంలింగము, రామశబ్దము అనియు, ఇది ఇకారాంతము, హరిశబ్దము అనియు బాలుడు గట్టిగా ప్రకటింపవలెను. తుదిధ్వని యేదో చెప్పనిదే విభక్తులలోనికి అడుగిడుటకు వీలులేదు. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడిన తరువాత తెలుగు చదువులోను ఈ దృష్టి స్థిరపడెను. డు, ము, వు, లు అని ప్రథమావిభక్తిని వల్లించిన పిల్లవాడు రామశబ్దమునకు డుకారమును, వనశబ్దమునకు ముకారమును, తరుశబ్దమునకు వుకారమును ఏల వచ్చినవని అడిగినచో, పంతులుగారు చూపునది అర్థమునే కాదు, శబ్దము యొక్క కొనను కూడ: అదంతమై పురుషుని చెప్పునది డుకారమును, అదంతమై అట్లు చెప్పనిది ముకారమును, ఉదంతమైనది వుకారమును గ్రహించును. ద్రుతసంధి మరియు సూక్ష్మమైనది. పూచెను, కలువలు అను రెండు మాటలు కలిసి పూచెఁ గలువలు అగునప్పుడు, మొదటి మాట తుదినున్న నకారము పరుషమును సరళముగ మార్చి తాను సన్నగిల్లుటను బాలుడు వినవలెను.

పిల్లలు పద్యములను అర్థమెరుగక చిలుకలవలె అప్పగించుచున్నారని క్యాంబెల్ తన నివేదికలో విచారించెను. ఆ విచారము న్యాయమైనదే. భావము తెలియని చదువు వలన బుద్ధి వికసింపదు. కాని ఆ వల్లెవేతలో చెవికి కలుగుచుండిన సంస్కారమును ఆయన లెక్కింపలేదు. తరువాతి కాలమున కొత్తబడులు వల్లెవేతను త్రోసిపుచ్చినప్పుడు, అర్థమును చేర్చుటకు మారుగా ధ్వనిని కూడ పోగొట్టుకొన్నచోట్లు పెక్కు గలవు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ పదాంతమే పెద్ద వివాదమునకు రంగస్థలమాయెను. ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగ నుండిన జె. ఏ. యేట్సు, జనులాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమేలయని 1906 ప్రాంతమున ప్రశ్నించెను. గిడుగు రామమూర్తి పంతులు ఆ ప్రశ్నను మనసునకు పట్టించుకొనెను. భేదము ఎచ్చట నున్నదని పరికించినచో అది చాలవరకు మాటల కొనలయందే కనబడును: ఇంట పిల్లవాడు గుర్రం అనును, పుస్తకము గుఱ్ఱము అనును, ఇంట వచ్చాడు, బడిలో వచ్చెను. తల్లి యొద్ద నేర్చిన తుదిధ్వనిని విడిచి వేరొకదానిని తగిలించుకొన్నగాని ఆ బాలునికి అక్షరప్రవేశము లేదు. గ్రంథభాషయందు నాకు గల మక్కువ ఎంతదైనను, ఐదేండ్ల పసివానిమీద ఆ భారమును మోపుట తగదని పంతులుగారు వాదించినది సత్యమని ఒప్పుకొనక తీరదు.

పంతులుగారికి ఆ యెరుక కలిగించిన వారిలో సవరలను కొండజాతివారు ముఖ్యులు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండి ఆయన చుట్టుపట్ల కొండలయందలి సవరల భాషను నేర్చుకొని, సొంత ధనముతో వారి పిల్లలకు బడులు పెట్టి, సవరలోనే వాచకములను వ్రాసెను. సవర భాష ముండాకుటుంబమునకు చెందినది. దానిలో ఎన్నియో మాటలు హల్లుతో ముగియును, కొన్నింటి తుదిని గొంతు బిగిసి శ్వాస చటుక్కున నిలిచిపోవును. బస్సు, రోడ్డు, టిక్కెట్టు అని పరభాషాపదములకెల్ల కొనయందు ఉకారము చేర్చుకొను అలవాటు గల తెలుగు చెవికి అట్టి బిగింపు వినబడుటయే దుర్లభము. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన పంతులుగారికి చెవుడు సంప్రాప్తించి జీవితాంతము నిలిచిపోయినను ఆ కృషి ఆగలేదు. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి.

నేటికిని మన్యపు బడికి వచ్చు సవర బిడ్డ తన మాటను హల్లుతోనే ముగించును. ఉపాధ్యాయుడు తెలుగువాడైనచో దానికి తెలియకయే ఒక ఉకారమును తగిలించి పలుకును. బిడ్డ అది తన మాట కాదనుకొని ఊరకుండును. ఆ యుపాధ్యాయునికి శిక్షణ నిచ్చువారు మొట్టమొదట నేర్పవలసినది సవర మాటల తుదిని ఉన్నదున్నట్లు వినుట. పలకమీద వ్రాయించుట ఆ పిదప.