దిండు మీదికి వచ్చిన లంబాడీ కుట్టు



పోచంపల్లి అనగానే దూరప్రాంతాల వాళ్ళకు చీరలు గుర్తుకొస్తాయి. అది తెలంగాణలోని భూదాన్ పోచంపల్లి. మనది కృష్ణగిరి జిల్లా పోచంపల్లి, ఆదివారం సంతకు పేరుపడ్డ ఊరు. ఊరి పేరు వినగానే చీర తెమ్మని అడిగే చుట్టాలు మీకూ ఉండే ఉంటారు. చీర సంగతి ఎలా ఉన్నా, పెళ్ళికో గృహప్రవేశానికో చేత్తో కుట్టిన దిండు ఒకటి ఇవ్వవచ్చు. దారాలు లెక్కపెట్టి కుట్టే అలాంటి సూదిపనికి మన పక్కనే ఒక చరిత్ర ఉంది. ఈవేళ దాన్ని చెప్పుకుందాం.

ఊత్తంగరై, హరూరు దాటి దక్షిణంగా పోతే, ధర్మపురి జిల్లాలో, కొండల నడుమ సిత్తిలింగి లోయ వస్తుంది. అక్కడ లంబాడీ తండాలున్నాయి. లంబాడీలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. 1791, 92లలో కారన్‌వాలీసు టిప్పు సుల్తాను మీదికి దండెత్తినప్పుడు, ఆ సైన్యానికి వేలకొద్దీ ఎద్దుల మీద గింజలు చేరవేసింది వీళ్ళే. ఆ యుద్ధం చివర 1792 శ్రీరంగపట్నం సంధితోనే మన బారామహల్ సీమ కంపెనీ చేతికి పోయింది. మన సీమ చరిత్రలో కోటల పేర్లు చదువుకున్నాం కానీ, ఆ ఎద్దుల వెంట నడిచిన ఆడవాళ్ళ ఊసు ఎక్కడా వినం.

వాళ్ళ చేతిలో సూది ఉండేది. పేటియా, కాంచళి, నెత్తిన కుండ కింద పెట్టుకునే చుట్టకుదురు, డబ్బు దాచుకునే సంచి, అన్నీ కుట్టుకునేవారు. పెళ్ళికూతురు అత్తవారింటికి తీసుకుపోయే సంచిని ఇంట్లోవాళ్ళే నెలల తరబడి కుట్టేవారు. దానికి ధర ఎవరూ అడగరు, కానుక కదా.

1856లో రాయపురం నుండి వాలాజా రోడ్డు దాకా రైలు నడిచింది. దారులు పెరిగినకొద్దీ ఎద్దుల బేరం పడిపోయింది. లంబాడీలు ఉన్నచోటనే కాపురాలు పెట్టి, కూలికీ సేద్యానికీ దిగారు. సిత్తిలింగిలో ఆడవాళ్ళు క్రమంగా చీరలకు మారారు. పేటియా కట్టేవాళ్ళు లేకపోతే పేటియా మీద కుట్టు ఎవరికి కావాలి? చివరికి ఆ పని తెలిసిన ముసలమ్మలు ఇద్దరే మిగిలారు.

1993లో ఆ లోయలో గిరిజనుల కోసం వైద్యసేవ మొదలుపెట్టిన దంపతులు డాక్టర్ రెజీ జార్జ్, డాక్టర్ లలిత. లలితగారి చొరవతో 2006లో ఆ ముసలమ్మల దగ్గర పడుచులు కూర్చుని నేర్చుకున్నారు. ఆ సంఘం పేరు పోర్గై. లంబాడీ మాటలో గర్వం అని అర్థం. పాత కుట్టు ఇప్పుడు దిండు గలీబుల మీదా, సంచుల మీదా వస్తోంది.

ఇక్కడ నాకొక సందేహం. కానుకగా కుట్టినప్పుడు గంటలు లెక్కపెట్టం. అదే వస్తువు అమ్మకానికి పోతే ఆ గంటలు ఎవరి లెక్కలోకి వస్తాయి? గోదావరి జిల్లాల నర్సాపురంలో 19వ శతాబ్దపు మిషనరీలు లేసు అల్లిక నేర్పారు. తరువాత అది పెద్ద వ్యాపారమైంది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే ఆవిడ ఆ పనివాళ్ళ మీద 1982లో పుస్తకం రాశారు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు పొద్దుపోక చేసే పని అని పేరుపెట్టి, వాళ్ళకు చాలీచాలని కూలి ఇచ్చి, లాభం వర్తకులు తీసుకున్నారని ఆమె తేల్చిచెప్పారు. అందుకే సిత్తిలింగిలో పనివాళ్ళే సంఘంగా కూడడం నాకు కుట్టుకన్నా పెద్ద సంగతిగా తోస్తుంది. సంతలో చేత్తో కుట్టిన గలీబు చూసి సగం ధరకు బేరమాడేవాళ్ళం మనమూ ఉన్నాం. నేనూ ఆడాను.

సరే, మీరే ఒకటి కుట్టి చూడండి. 16 అంగుళాల దిండుకు 18 అంగుళాల చదరం గుడ్డ కావాలి, నాలుగు వైపులా ఒక్కో అంగుళం మడతకు పోతుంది. పడుగు, పేక సమానంగా ఉన్న ముతక ఖద్దరు తీసుకోండి, దారాలు కంటికి కనిపించాలి. లంబాడీ పనిలో గుడ్డ మీద గీతలు గీయరు, దారాలు లెక్కపెట్టి సూది దించుతారు. కాబట్టి నడిమధ్య నుండి మొదలుపెట్టండి. ఒక్క దారం తప్పితే వెంటనే తెలియదు, నాలుగు వరసల తరువాత పువ్వు వంకరపోయి బయటపడుతుంది. అప్పుడు విప్పక తప్పదు. రంగుదారాన్ని ముందే తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి, రంగు దిగితే పక్కన పెట్టండి. ముందు సాదా గుడ్డతో సంచి కుట్టి బూరుగు దూది నింపి, పైన గలీబు తొడగండి. అప్పుడు ఉతకడానికి గలీబు ఒక్కటే విప్పితే చాలు.

కుట్టడం మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఈసారి సంతలో ధర అడిగేటప్పుడు ఆ కాగితం గుర్తుకొస్తుంది.