ఉరిశిక్ష పడిన మనిషి పార్లమెంటుకి ఎలా వెళ్లాడు? | గాం మల్లుదొర కథ

ఈరోజు ఎపిసోడ్ మన మిర్చి దగ్గర మొదలవుతుంది. మాది పెదకాకాని. సీజన్లో గుంటూరు యార్డు వైపు వెళ్తే తుమ్ములు ఆగవు. అయితే ఈ మిరపకాయ మనది కాదు. మెక్సికో వైపు అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల కిందటే దాన్ని పంటగా చేసుకున్నారు. 'చిల్లీ' అనే మాట కూడా వాళ్ల నావాటల్ భాషదే. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది.

ఆ కాయ వెనక ఎవరున్నారా అని చదువుతూ పోతే లూయీ రియెల్ తగిలాడు. కెనడాలో మేటీ అనే ఆదివాసీ జాతి నాయకుడు. 1873లో, మళ్లీ 1874లో ఎంపీగా గెలిచాడు, కానీ ఒక్కసారి కూడా సభలో కూర్చోనివ్వలేదు. 1885లో తిరుగుబాటు చేశాడని ఉరి తీశారు. రాత్రి రెండింటికి ఇది చదువుతుంటే ఒక డౌటొచ్చింది. కెనడా ఆయన పేరు తెలిసింది సరే, మన మన్యం ఆదివాసుల పేర్లు నాకెన్ని తెలుసు? సినిమా పుణ్యమా అని కొమరం భీమ్ తెలుసు. తర్వాత? అల్లూరి సీతారామరాజు అనబోయి ఆగాను. ఆయన క్షత్రియుల బిడ్డ, మైదానం నుంచి మన్యం వెళ్లినవాడు. మరి ఆయన పక్కన నిలబడ్డ మన్యం వాళ్లెవరు?

అలా దొరికారు ఇద్దరు అన్నదమ్ములు, గాం గంటందొర, గాం మల్లుదొర.

మీలో చాలామంది లంబసింగి వెళ్లే ఉంటారు. నేనూ వెళ్లా, తెల్లవారుజామున నాలుగింటికి, ఆఫీసు ఫ్రెండ్స్‌తో. మంచులో ఫొటోలు, బొంగు చికెన్, రిటర్న్. అసలు గొడవ మొదలైంది ఆ దారి మీదేనని నాకప్పుడు తెలీదు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించింది గూడెం తహసీల్దారు బాస్టియన్. రాళ్లు కొట్టింది, మట్టి మోసింది గిరిజనులు. వాళ్లకి రావాల్సిన కూలి సరిగా ఇవ్వలేదు. అడిగితే కొరడా. దానికి ముందే 1882 అటవీ చట్టం వచ్చి పోడు కొట్టుకోవద్దంది. అడవిలో పుట్టినోడు అడవిలో కట్టె కొడితే నేరం అన్నమాట. గంటందొర బట్టిపనుకుల మునసబు. ఈ అధికారుల వల్ల ఆయన పదవీ పోయింది, భూమీ పోయింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోయినా పర్లేదు. మనం కథని "రాజు వచ్చాడు, గిరిజనుల్ని లేపాడు" అని చెప్పుకుంటాం. కానీ వాళ్లు అప్పటికే రగిలిపోతున్నారు. రాజు గొప్పతనం తక్కువేం కాదు, ఆ కోపానికి ఒక ప్లాన్ ఇచ్చాడు. కానీ అడవిలో ఏ దారి ఎటు పోతుందో, ఏ ఊళ్లో అన్నం దొరుకుతుందో, ఎవర్ని నమ్మొచ్చో తెలిసింది వీళ్లకి. వీళ్లు లేకపోతే ఆ పోరాటం రెండేళ్లు నడిచేదా? నాకైతే డౌటే.

1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు, 26 తుపాకులు. ఏమేం తీసుకెళ్తున్నారో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో కాపు కాసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లని కొట్టేశారు. దాంతో ప్రభుత్వం మలబార్ పోలీసుల్ని, తర్వాత అస్సాం రైఫిల్స్‌నీ దించింది. మన్యం జనం నానా అవస్థలు పడ్డారు.

1923 సెప్టెంబర్‌లో మల్లుదొర దొరికిపోయాడు. 1924 మే 7న రాజుని కొయ్యూరు దగ్గర కాల్చేశారు. నెల తిరిగేసరికి, జూన్‌లో, గంటందొర కూడా పోలీసుల చేతిలో చనిపోయాడు.

మల్లుదొరకి ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. సినిమాల్లో అయితే ఇక్కడ శుభం కార్డు పడుతుంది. కానీ ఆయన బతికే ఉన్నాడు. జైలు నుంచి బయటికొచ్చాడు, స్వాతంత్ర్యం చూశాడు. 1952లో దేశంలో మొట్టమొదటి ఎన్నికలు. విశాఖపట్నం అప్పుడు ఇద్దరు ఎంపీలుండే నియోజకవర్గం. ఒక సీటు లంకా సుందరంది, రెండోది గాం మల్లుదొరది. ఇద్దరూ ఇండిపెండెంట్లే! అప్పటి పెద్ద పార్టీ కాంగ్రెస్‌ని కాదని, తెల్లదొరలు ఉరి తీద్దామనుకున్న మనిషిని జనం ఢిల్లీ పంపారు.

రియెల్ గెలిచి, సభలో కూర్చోకుండానే ఉరికంబం ఎక్కాడు. మన మల్లుదొర ఉరి తీర్పు విని, తర్వాత మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. కెనడాలో రియెల్ పేరు మీద మానిటోబాలో ప్రతి ఫిబ్రవరిలో సెలవు రోజే ఉంది. మల్లుదొర గురించి నేను చదివిన స్కూలు పుస్తకంలో ఒక్క లైను గుర్తులేదు నాకు.

చింతపల్లి, కొయ్యూరు వైపు వాళ్లు చూస్తుంటే, మీ ఇంట్లో తాతలు చెప్పిన మాటలుంటే కామెంట్లో పెట్టండి, నేను తప్పు చెప్పి ఉంటే దిద్దండి. వచ్చే ఎపిసోడ్ ఇంకా వెనక్కి, 1879 రంప తిరుగుబాటుకి వెళ్దాం. దానికి నాయకుడు కారం తమ్మన్నదొర. ఇంటిపేరు కారం! మా గుంటూరోళ్లు వదుల్తారా మరి? ఉంటాను, బై.