పావగడ సీమలో కౌలు పత్రములు : గుత్త నుండి సౌరక్షేత్రము వరకు

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందినదైనను, దానికి మూడు వైపుల ఆంధ్రదేశపు ఎల్లలే కలవు. మడకశిర, పెనుకొండ ప్రాంతములతో ఈ సీమకు గల పొత్తు నేటి సరిహద్దుల కంటె ఎంతో ప్రాచీనమైనది. 12, 13 శతాబ్దములలో ఇచ్చట ఏలుబడి చేసిన నిడుగల్లు చోళులకు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్న హేమావతియు, పావగడ తాలూకాలోని నిడుగల్లు దుర్గమును రాజధానులుగా నుండినవి. ఈనాటికిని ఈ తాలూకాలో పెక్కు ఇండ్లలో మాట తెలుగు. కచేరిలో పత్రము కన్నడము. ఈ సీమలో భూమిని ఎవరు ఎవరికి ఏ షరతులపై ఇచ్చిరి, ఆ పత్రములలో ఎవరి పేరు చేరినది, ఎవరి పేరు చేరలేదు అను విషయమును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా పదములను గమనింపవలెను. 'కౌలు' అను మాట అరబ్బీ భాష నుండి వచ్చినది; ఇచ్చిన మాట అని దాని అర్థము. తెలుగువారి 'గుత్త', కన్నడిగుల 'గుత్తిగె' ఒకే కుదురునకు చెందిన మాటలు. పంటతో నిమిత్తము లేక ఇంత యని ముందుగా నిర్ణయించుకొన్న మొత్తమును అవి తెలుపును. పండిన దానిలో వంతు పంచుకొను పద్ధతిని రాయలసీమలో 'కోరు' అందురు. గుత్తలో నష్టభయమంతయు సేద్యగానిది. కోరులో అది ఇరువురిది. వానపై ఆధారపడిన ఎఱ్ఱనేలలలో ఈ భేదము చిన్నది కాదు. వాన రాని యేడు గుత్తదారు ఇల్లమ్మి చెల్లింపవలసి వచ్చును. కోరుదారు ఉత్త చేతులతో నిలుచును గాని, అప్పుపడడు.

మైసూరు సంస్థానమున 1863లో ప్రారంభమైన రెవిన్యూ సర్వేతో ప్రతి భూఖండమునకు ఒక సంఖ్యయు, ఒక శిస్తును, ఒక ఖాతాదారు పేరును ఏర్పడినవి. అంతవరకు గ్రామములో నోటిమాటగా నడచిన హక్కు దప్తరమునకెక్కెను. అయితే ఆ దప్తరము ప్రభుత్వమునకు శిస్తు కట్టువానిని మాత్రమే గుర్తించెను. అతని నేలను కౌలునకు దున్నువాడు గాని, ఆ నేలలో కలుపు తీయు కూలి గాని, పైరు కోసిన పిదప మందను తోలుకొని వచ్చు గొఱ్ఱెల కాపరి గాని అందు లేరు. 1876-78 నాటి మహాక్షామమున మైసూరు సంస్థానపు జనాభాలో దాదాపు అయిదవ వంతు నశించిరి. అట్టి కాలములలో ముందుగా దెబ్బతినువారు దప్తరములో పేరులేని వీరే యని వేరుగా చెప్పనక్కఱలేదు.

ఈ లోపమును సరిదిద్దుటకు స్వాతంత్ర్యానంతరము ప్రయత్నములు జరిగినవి. 1952లో మైసూరు కౌలుదారీ చట్టము వచ్చెను. 1961 నాటి భూసంస్కరణ చట్టము 1965 అక్టోబరు 2వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. కాని వాస్తవమైన మార్పు దేవరాజ్ అరసు ముఖ్యమంత్రిగా నున్న కాలమున 1974 మార్చి 1వ తేదీన అమలైన సవరణతో కలిగినది. ఆ దినమున కౌలుదారుల చేతిలోనున్న భూములు ప్రభుత్వమునకు దఖలుపడి, 7వ నంబరు ఫారము దాఖలు చేసి హక్కు నిరూపించుకొన్న సేద్యగానికి సంక్రమించునట్లు ఏర్పాటు జరిగెను. విచారణకు తాలూకాలలో భూన్యాయ మండలులు ఏర్పడెను. దున్నువాని పేరును పత్రములో చేర్చవలెనని ప్రభుత్వమే పట్టుబట్టిన సందర్భమిది. దానితోపాటు, సైనికులు, నావికులు మొదలగువారికి తప్ప, వ్యవసాయభూమిని ఇకపై కౌలునకిచ్చుట నిషేధింపబడెను.

నిషేధము వలన కౌలు పోలేదు. కౌలు పత్రము పోయినది. వితంతువులు, వలసపోయినవారు, ఎద్దులు లేనివారు తమ నేలను ఇతరులకు ఇచ్చుచునే వచ్చిరి. ఆ ఇచ్చుట నోటిమాటగా, ఏడాదికొకమారుగా మారెను. పొలిమేర దాటిన ఆంధ్రప్రదేశములో త్రోవ వేరు. అచట 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల ఒప్పందమును అంగీకరించి, సాగుదారునకు హక్కు పత్రమునిచ్చుటకు వీలు కల్పించినది. అయితే దానికి యజమాని సమ్మతి కావలెను. ఒకచోట కౌలు నిషిద్ధము, వేరొకచోట యజమాని ఇష్టాధీనము. రెండు చోట్లను పంట పోయినపుడు పరిహారమును, బ్యాంకు అప్పును పహణీలోనో అడంగలులోనో పేరున్నవానికి సులభముగను, దున్నినవానికి కష్టముగను లభించును.

ఈ సంగతి తెగుళ్ల విషయములో మఱింత స్పష్టమగును. 2000వ సంవత్సరపు ఖరీఫులో అనంతపురము జిల్లా వేరుసెనగకు కాండము కుళ్లు వైరస్ తెగులు సోకి, సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. పరిశోధింపగా ఆ వైరస్‌కు బీళ్లలోను, బాటల ప్రక్కను పెరుగు వయ్యారిభామ మొక్క ఆశ్రయమని తేలెను. దాని పుప్పొడిని మోసికొని వచ్చు తామరపురుగుల వలన తెగులు పైరునకు అంటును. కావున గట్లమీది వయ్యారిభామను పూతకు ముందే పెఱికివేయుట, పొలము చుట్టును జొన్న గాని సజ్జ గాని అడ్డుసాళ్లుగా విత్తుట, విత్తనశుద్ధి చేయుట నివారణోపాయములుగా చెప్పబడినవి. ఇందు మొదటిది ఒక్క రైతు చేయగలది కాదు. ప్రక్క బీడు ఎవరి అధీనములో నున్నదో వారును చేయవలెను. పైరు రక్షణ ఈ విధముగా భూమి ఒప్పందముతో ముడిపడియున్నది. ఏడాదికి మాత్రమే నోటిమాటగా నేల పొందినవాడు గట్టును బాగుచేయుటకు వెనుదీయుట సహజము.

ఇట్టి నేపథ్యమున, వర్షాభావముతో క్రుంగిన పావగడ సీమకు సౌరక్షేత్రము వచ్చెను. 2015 మార్చిలో కేంద్రప్రభుత్వ సౌరశక్తి సంస్థయు, కర్ణాటక పునరుత్పాదక శక్తి అభివృద్ధి సంస్థయు కలిసి కర్ణాటక సౌరవిద్యుత్ అభివృద్ధి సంస్థను స్థాపించినవి. నాగలమడికె హోబళిలోని తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు గ్రామములలో ఆ సంస్థ సుమారు 13,000 ఎకరములను గుత్తకు తీసికొని, విద్యుదుత్పత్తి కంపెనీలకు అప్పగించినది. ఊరిపేళ్ల తుదనున్న 'చెర్లు' చెరువులను తలపించుచుండగా, ఆ ఊళ్లలో నీరు కఱవై ఎండయే సంపద యగుట గమనింపదగినది. 2018 మార్చి 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య దీనిని ప్రారంభించిరి. 2019 చివరకు 2,050 మెగావాట్ల శక్తితో నిర్మాణము పూర్తియైనది.

ఈ ఒప్పందములో మెచ్చదగినది కలదు. ప్రభుత్వము భూమిని బలవంతముగా సేకరింపలేదు. హక్కు రైతు వద్దనే నిలిచినది. గడువు 28 సంవత్సరములు. ఎకరమునకు ఏటికి గుత్త రూ. 21,000, రెండేండ్లకొకమారు నూటికి 5 వంతున హెచ్చింపు. వేరుసెనగ విత్తి, వాన కొఱకు ఆకాశము చూచుచు, విత్తనపు ఖర్చు కూడ రాని యేండ్లను ఎరిగిన రైతునకు ఇది చిన్న మొత్తము కాదు. ఒకప్పుడు వ్యవసాయభూమికి కౌలును నిషేధించిన రాష్ట్రమునందే, సేద్యేతర వినియోగము కొఱకు ప్రభుత్వ సంస్థ తానే గుత్తదారైనది.

అయినను లెక్క వేసి చూడవలెను. పై రేటున గుత్త మూడవ యేట రూ. 22,050, అయిదవ యేట రూ. 23,152 అగును, 28 ఏండ్ల తుది జంటలో సుమారు రూ. 39,600 అగును. అనగా మొదటి మొత్తమునకు రెండింతలు కూడ కాదు. భారత రిజర్వు బ్యాంకు 2016 నుండి ధరల పెరుగుదలకు లక్ష్యముగా నుంచుకొన్నది ఏటికి నూటికి 4. ధరలు ఆ లక్ష్యమునకు లోబడియే పెరిగినను, 26 ఏండ్లలో అవి రెండున్నర రెట్లకు మించును. అప్పటి రూ. 39,600 మొదటి యేటి రూ. 14,300తో సమానము. కాగితముపై గుత్త పెరుగును, సంతలో తఱుగును. ఒప్పందమునకు సంతకము చేసిన తరమునకు కాక, దాని తరువాతి తరమునకు ఈ తఱుగు అనుభవమునకు వచ్చును.

ఇక రెండవ సంగతి మొదటి దాని కంటె గంభీరమైనది. గుత్త సొమ్ము పహణీలో పేరున్నవానికి చేరును. నేల లేక కలుపు తీసి, కాయ ఒలిచి బ్రదికినవారికి పని తగ్గినది. బీళ్లలో గొఱ్ఱెలను మేపినవారికి కంచె అడ్డువచ్చినది. పత్రము లేక సాగుచేయుచు వచ్చినవారికి అడుగుటకు ఆధారము లేదు. పెక్కుమంది పని వెదకుచు బెంగుళూరు దారి పట్టిరి. 1863 నాటి దప్తరము ఎవరిని చూడలేదో, ఈ పత్రమును వారిని చూడలేదు. 1974లో ఒక్కమారు ప్రభుత్వము పహణీని దాటి, నేలమీద ఎవరున్నారని విచారించినది. ఆ పద్ధతిని మరల అవలంబించిన జాడ ఈ గుత్తలో కానరాదు.

ఈ గుత్తల గడువు ఇంచుమించు 2040 దశకపు నడుమ తీరును. అప్పుడు నేల తిరిగి వచ్చునది ఈనాటి బాలురకు. ఆ నేల ఏ స్థితిలో రావలెను, కంచె లోపలి కలుపును ఎవరు తీయవలెను, గుత్త పెరుగుదల ధరలతో ముడిపడవలెనా, పొలములో పనిచేసినవారికి వంతు కలదా అను ప్రశ్నలను గడువు తీరునాటికి గాక ఇప్పుడే అడుగుట మేలు. క్రొత్తగా నేల అడుగువారు వచ్చినపుడును ఈ ప్రశ్నలే ముందుండవలెను. కన్నడములోనో ఆంగ్లములోనో ఉన్న పత్రములను ఇంటిలో అందఱకు అర్థమగు తెలుగులో చదివి వినిపించుట, నకలు భద్రపఱచుట తెలుగు సంఘములు తేలికగా చేయగల పనులు. నిడుగల్లు కాలము నుండి ఈ సీమలో పాలకులు మారిరి, కచేరి భాష మారినది. నేలను ఇచ్చినపుడు ఆ నేలపై బ్రదికిన వారందఱి పేరును అడుగు పద్ధతి మాత్రము ఇంకను స్థిరపడవలసి యున్నది.