బేస్‌బాల్ పాడైపోయిందా?

వేసవి వచ్చిందంటే ఈ దేశంలోని మన ఇళ్ళలో రెండు విషయాల మీద వాదన తప్పదు. ఒకటి పెరట్లో గోంగూర ఎప్పుడు వేయాలన్నది, రెండవది బేస్‌బాల్. మొదటిదానికి మనలో అనుభవజ్ఞులు చాలామందే ఉన్నారు కనుక, రెండవదాన్ని గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాం.

ఆ మధ్య ఒక శనివారం మా ఇంట్లో నాలుగైదు కుటుంబాలు కలిశాయి. భోజనాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం. పిచ్చర్ బంతి వేయడానికి కాస్త ఆలస్యం చేశాడు. అంపైర్ తన మణికట్టు చూపించి, వేయని బంతికి ‘బాల్’ ఇచ్చేశాడు. మాలో పెద్దాయన ఒకరికి ఎక్కడలేని కోపం వచ్చింది. “గడియారం పెట్టి ఆడించడానికి ఇదేమైనా పరీక్ష హాలా? గడియారం లేకపోవడమే ఈ ఆటకు అందం. పాడుచేసేశారు!” అన్నారు. పక్కనే ఉన్న కాలేజీ కుర్రవాడు ఊరుకోలేదు. “అంకుల్, పిచ్చర్ టోపీ సర్దుకోవడం, బ్యాటర్ గ్లవ్స్ బిగించుకోవడం చూడ్డానికి మూడు గంటలు కూర్చోవాలా?” అన్నాడు. ఆ రాత్రి మిఠాయిల పళ్ళెం ఖాళీ అయింది గాని వాదన తేలలేదు.

పాత ఒక రోత, కొత్త ఒక వింత అని మన సామెత. బేస్‌బాల్ అభిమానుల దగ్గర ఈ సామెత తిరగబడుతుంది. వాళ్ళకు పాతదంతా వింత, కొత్తదంతా రోత. అయితే మేము అడగదలచుకున్న ప్రశ్న ఒకటుంది. ఆ పాత ఆట ఏది? ఏ సంవత్సరపు ఆట?

ఈ ఆట తొలి రోజుల్లో కొట్టిన బంతి ఒకసారి నేలను తాకి లేచాక పట్టుకున్నా బ్యాటర్ అవుటే. మన వీధి క్రికెట్‌లో ‘ఒన్ పిచ్ క్యాచ్’ ఉండేది చూడండి, అదే పద్ధతి. అది మగవాళ్ళు ఆడే తీరు కాదని పోరాడినవారిలో హెన్రీ చాడ్విక్ ముఖ్యుడు. ఆయన 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో బ్రూక్లిన్ చేరాడు. మనలాగే క్రికెట్ వదలి ఈ ఆటకు వచ్చినవాడు. క్రికెట్ విలేకరిగా ఉంటూ బేస్‌బాల్ మోజులో పడ్డాడు. నేటికీ మనం చూసే బాక్స్ స్కోరు ఆయన చేతి చలవే. 1860లలో ఆ నియమం పోయింది. పిచ్చర్ చేతిని భుజం పైనుంచి తిప్పి బంతి వేయడానికి నేషనల్ లీగ్ పూర్తిగా అనుమతించింది 1884లో. అంటే ‘అసలైన’ ఆట కావాలంటే బంతిని కిందినుంచి విసరవలసి ఉంటుంది!

దగ్గరి కాలానికి వద్దాం. 1968లో పిచ్చర్లదే రాజ్యం. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచ్చర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులు మాత్రమే ఇచ్చాడు. అమెరికన్ లీగ్‌లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ .301 సగటుతోనే బ్యాటింగులో మొదటి స్థానం సంపాదించాడు. మరుసటి ఏడు పిచ్చర్ నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు. 1973లో అమెరికన్ లీగ్ మరో అడుగు వేసి, పిచ్చర్‌కు బదులు బ్యాటింగు మాత్రమే చేసే ఆటగాణ్ణి తెచ్చింది. ఆ ఏప్రిల్ 6న న్యూయార్క్ యాంకీస్ జట్టుకు చెందిన రాన్ బ్లూమ్‌బర్గ్ ఆ హోదాలో తొలిసారి బ్యాటు పట్టాడు. నేషనల్ లీగ్ అభిమానులు దీన్ని దాదాపు యాభై ఏళ్ళపాటు అపచారంగానే చూశారు. 2022లో అది వాళ్ళ ఇంటికీ వచ్చింది. ఆట ఆగిపోలేదు.

ఇక మన పెద్దాయనకు కోపం తెప్పించిన గడియారం. 1970లలో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సుమారు రెండున్నర గంటల్లో ముగిసేది. అది పెరిగి పెరిగి 2021 నాటికి 3 గంటల 10 నిమిషాలయింది. పెరిగినదంతా ఆట కాదు, ఎక్కువభాగం నిరీక్షణ. 2023లో గడియారం వచ్చింది. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే 20 సెకన్లు. ఆ రెండవది 2024లో 18 అయింది. మొదటి ఏడాదిలోనే సగటు సమయం దాదాపు 2 గంటల 40 నిమిషాలకు దిగింది. అదే ఏడు బేసుల వెడల్పును 15 అంగుళాల నుంచి 18కి పెంచి, పిచ్చర్ బేసు వైపు మాటిమాటికీ బంతి విసరడానికి హద్దు పెట్టారు. దానితో దొంగిలించిన బేసులు 2022లో 2,486 ఉంటే 2023లో 3,503 అయ్యాయి. మైదానాలకు వచ్చిన ప్రేక్షకులు 7 కోట్లు దాటారు. ఇందులో తమాషా ఏమిటంటే, మన పెద్దాయన యౌవనంలో మోజుపడిన ఆట వేగాన్ని ఈ పాడు గడియారమే తిరిగి తెచ్చింది. కొత్త నియమం పాత ఆటను కాపాడింది.

కాని బేస్‌బాల్ చరిత్రలో అసలు మార్పు ఇది కాదని మా ఉద్దేశం. అది మైదానం బయట, న్యాయస్థానంలో జరిగింది. దాన్ని గురించి మన పిల్లలకు చెప్పేవారు తక్కువ.

1879లో నేషనల్ లీగ్ యజమానులు తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒక్కొక్క జట్టు ఐదుగురు ఆటగాళ్ళను తనకే అట్టేపెట్టుకోవచ్చు, వాళ్ళను మరెవరూ పిలవకూడదు. దీనికి రిజర్వ్ క్లాజు అని పేరు. క్రమంగా అది ప్రతి ఆటగాడి ఒప్పందంలోనూ చేరింది. ఒప్పందం గడువు ముగిసినా ఆటగాడు ఆ జట్టు సొత్తే. యజమాని ఇష్టపడితే ఉంచుకుంటాడు, లేకపోతే మరో జట్టుకు మార్చేస్తాడు. ఆటగాడికి ఉన్న స్వేచ్ఛ ఒక్కటే, ఆట మానుకోవడం. మన పల్లెల్లో ఏడాదికి కుదిరిన పాలేరు కూడా, అప్పు లేకపోతే, గడువు తీరాక మరో కామందును చూసుకోగలిగేవాడు. 1922లో సుప్రీంకోర్టు, బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వ్యాపారం కిందికి రాదు కనుక గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని తీర్పు చెప్పింది.

ఈ గోడను ఢీకొన్నవారిలో ముఖ్యుడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్‌లో పన్నెండు సీజన్లు ఆడి, ఫీల్డింగులో ఏడు గోల్డ్ గ్లవ్స్ సంపాదించిన నల్లజాతి ఆటగాడు. 1969 అక్టోబరులో ఆయనను ఫిలడెల్ఫియాకు మార్చేసి, ఆ సంగతి ఫోనులో చెప్పారు. ఆయన వెళ్ళనన్నాడు. ఆ డిసెంబరు 24న కమిషనర్ బోవీ కూన్‌కు ఉత్తరం రాశాడు. ఇన్నేళ్ళు ఆడిన తరువాత, తన ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మదగిన వస్తువును కానని దాని సారాంశం. అప్పటికి ఆయన జీతం ఏడాదికి 90,000 డాలర్లు. అంత జీతం తీసుకునేవాడికి బానిసత్వం ఏమిటని చాలామంది అభిమానులు ఎగతాళి చేశారు.

1970 సీజనంతా ఆయన ఇంట్లో కూర్చున్నాడు. విచారణలో ఆయన పక్షాన సాక్ష్యం చెప్పడానికి జాకీ రాబిన్సన్, హాంక్ గ్రీన్‌బర్గ్ వంటి పూర్వపు ఆటగాళ్ళు వచ్చారు. అప్పటికి ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ రాలేదు. ఉద్యోగం పోతుందని భయం. 1972 జూన్‌లో సుప్రీంకోర్టు 5–3 తేడాతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఈ మినహాయింపు వింతైనదే గాని, దాన్ని సరిదిద్దవలసింది కాంగ్రెస్ అని చేతులు దులుపుకుంది. అప్పటికే ఆయన ఆట ముగిసింది. 1971లో వాషింగ్టన్ సెనేటర్స్‌కు 13 ఆటలాడి విరమించుకున్నాడు.

ఆయన కొట్టిన గోడ ఆయన మీద కూలింది గాని, పగులు మాత్రం మిగిలింది. 1966 నుంచి ఆటగాళ్ళ యూనియన్‌ను నడిపిన మార్విన్ మిల్లర్, వివాదాలను బయటి మధ్యవర్తికి అప్పగించే హక్కును యజమానుల దగ్గర సాధించాడు. 1975 డిసెంబరు 23న పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ ఇద్దరూ స్వేచ్ఛాపరులని తీర్పు ఇచ్చాడు. యజమానులు వెంటనే ఆయనను పనిలోంచి తీసేశారు, తీర్పు మాత్రం నిలిచింది. 1976లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆరేళ్ళ సర్వీసు నిండిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో మాట్లాడుకోవచ్చు. ఆ ఆరేళ్ళ నియమం ఇంకా అలాగే ఉంది.

అప్పుడూ వినబడిన మాట ఇదే: ఆట పాడైపోయింది. డబ్బున్న జట్టే గెలుస్తుంది, జనం రారు అన్నారు. జరిగింది చూడండి. 1978 నుంచి 1987 వరకు పదేళ్ళలో పది వేరువేరు జట్లు వరల్డ్ సిరీస్ గెలిచాయి. ఆటగాళ్ళు కట్టుబడి ఉన్న ఆ ‘మంచి’ రోజుల్లో, 1949 నుంచి 1953 వరకు వరుసగా ఐదేళ్ళు యాంకీసే గెలిచారు. 1976లో 3 కోట్ల 13 లక్షలున్న ప్రేక్షకులు 1980 నాటికి 4 కోట్ల 30 లక్షలయ్యారు. మధ్యలో రెండు కొత్త జట్లు చేరిన మాట నిజమే గాని, జనం పారిపోలేదన్నది అంతకన్నా నిజం. మన క్రికెట్‌లోనూ 1977లో కెరీ పాకర్ ఆటగాళ్ళకు మంచి జీతాలిచ్చి పిలిచినప్పుడు సర్కస్ అని వెక్కిరించారు. ఆ దీపాల వెలుగు ఆటలూ రంగు బట్టలూ నేడు అందరికీ మామూలే.

ఇది మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో, కాగితాలు చేతికి వచ్చేదాకా ఒకే యజమానిని పట్టుకుని ఉన్నాం. పక్క ఊళ్ళో మంచి ఉద్యోగం కనిపించినా నోరు మూసుకున్నాం. జీతం బాగానే ఉండేది, కాలు కదిపే ధైర్యమే లేదు. నేడు గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడిన మన పిల్లలకు ఈ సంగతి మాకంటే బాగా తెలుసు. మా కష్టమూ ఫ్లడ్ కష్టమూ ఒకటే అనడం లేదు. మేము కోరి వచ్చాం, ఆయన మీద వర్ణ వివక్ష బరువు కూడా ఉంది. కాని మంచి జీతం ఉన్నవాడికి స్వేచ్ఛ ఎందుకన్న ప్రశ్న ఎంత తప్పో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అలాగని అంతా బాగుందనడం లేదు. 2023 డిసెంబరులో షోహీ ఓహ్తానీ డాడ్జర్స్‌తో పదేళ్ళకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. 2024లోనూ 2025లోనూ వరల్డ్ సిరీస్ ఆ జట్టుదే. చిన్న ఊళ్ళ జట్ల అభిమానుల బాధలో న్యాయముంది. మరో వైపు ఓక్లండ్ ఎథ్లెటిక్స్ 1968 నుంచి ఉన్న ఊరిని 2024లో వదలి వెళ్ళిపోయింది. యజమానికి కదిలే స్వేచ్ఛ ఎప్పుడూ ఉంది, వెంట వెళ్ళలేనివాడు అభిమాని ఒక్కడే. కింది తరగతి లీగుల కుర్రవాళ్ళు 2022లో గాని యూనియన్‌లో చేరలేకపోయారు. 2023లో కుదిరిన తొలి ఒప్పందంతో వాళ్ళలో పై మెట్టయిన ట్రిపుల్ ఎ ఆటగాడి కనీస వార్షిక జీతం 17,500 డాలర్ల నుంచి 35,800 అయింది.

కనుక ఇకమీదట ఏ మార్పు వచ్చినా, ఆట పాడైందా అని అడిగేముందు మరో ప్రశ్న అడగాలని మా మనవి: ఈ మార్పు వల్ల ఎవరి చేతికి కట్టు పడింది, ఎవరి చేతి కట్టు విడింది? గడియారం మన సాయంత్రంలో అరగంట మనకు తిరిగిచ్చింది. ఫ్లడ్ తన తరువాత వచ్చినవారికి వాళ్ళ జీవితాలను ఇచ్చాడు.

ఆయన 1997 జనవరిలో 59వ ఏట కన్నుమూశాడు. మరుసటి ఏడు కాంగ్రెస్ ఆయన పేరుతోనే చట్టం చేసి, మేజర్ లీగ్ ఆటగాళ్ళ ఉద్యోగ విషయాల్లో ఆ పాత మినహాయింపును తొలగించింది. ఆ శనివారం ఈ కథంతా చెప్పాక కాలేజీ కుర్రవాడు, “మరి ఆయన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడా?” అని అడిగాడు. మార్విన్ మిల్లర్‌ను ఎన్నుకున్నారు గాని ఫ్లడ్‌ను ఇంకా ఎన్నుకోలేదని చెప్పాం. అంతవరకు గడియారాన్ని తిట్టిన పెద్దాయన, “అది మార్చవలసిన సంగతి” అన్నారు. ఆ రోజు అందరం ఏకీభవించింది ఆ ఒక్కదానితోనే.

ఏకీభవించని మిత్రులు వచ్చే సంచికకు తప్పక రాయవలసిందిగా కోరుతున్నాం.