షికాగో ఎంత దూరం?

హైదరాబాదు నుంచి షికాగోకు విమానం లెక్కలో దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు. మా అమ్మాయి అక్కడ చదువుతోంది కాబట్టి ఈ అంకె నాకు కంఠతా వచ్చేసింది. అసలు ఎలా కొలుస్తారో చూద్దామని పిల్లల గ్లోబు దింపి, పూలు కట్టే దారం ఒక కొస మన ఊరి మీద, ఇంకో కొస షికాగో మీద పెట్టి బిగించి లాగాను.

అమెరికా పడమర కదా, దారం అరేబియా సముద్రం మీదుగా పోతుందనుకుంటాం. పోదు. దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి ఎక్కుతుంది. ఢిల్లీకి కాస్త పడమరగా వెళ్ళి, మధ్య ఆసియా, రష్యాలు దాటి, ధ్రువానికి చేరువగా తిరిగి, గ్రీన్లాండ్, కెనడాల మీదుగా దిగుతుంది. గుండ్రటి భూమి మీద అన్నిటికంటే దగ్గర దారి అదే. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే మా పిల్ల మూడో వంతు భూమికి అవతల ఉంది!

దారి ఎప్పుడూ ఉన్నదే. మనవాళ్ళకు అలా పోయే వీలే చాలాకాలం లేదు. ఎయిరిండియా వాళ్ళ బోయింగ్ 707 లండన్ మీదుగా న్యూయార్కుకు తిరగడం మొదలైంది 1960 మే నెలలో. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు వరసగా వెళ్ళారు. 1977 నాటికి అక్కడ తానా పెట్టుకునేంతమంది అయ్యారు. అయినా బేగంపేటలో ఎక్కినవాళ్ళు ముందు బొంబాయిలోనో ఢిల్లీలోనో మారాల్సిందే.

మా వారి పెదనాన్న అలా వెళ్ళిన డాక్టరే. 1978లో వాళ్ళమ్మ, అంటే మా అత్తమ్మకు అత్తగారు, పోయారు. టెలిగ్రాం అంది, సెలవు దొరికి, టికెట్టు కుదిరి ఆయన గడపలో కాలు పెట్టేసరికి తొమ్మిదో రోజు. అప్పటికి మా వారు చంకలో పిల్లవాడు. ఆయన వసారాలో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న తీరు అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. మా తుక్కుగూడకు అరగంట దారి కూడా లేదు. అక్కడి పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. ఇంధనం నిండా నింపుకున్న భారీ విమానం లేవాలంటే అలాంటి పొడవే కావాలి. 2021 జనవరిలో ఎయిరిండియా అక్కణ్ణుంచి షికాగోకు వారానికొక నేరు విమానం వేసింది. 238 సీట్ల బోయింగ్ 777, పదహారు గంటల పైచిలుకు ప్రయాణం. కొంతకాలానికి అది ఆగిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి వచ్చేది దుబాయి మీదుగా. దారంతో అదీ కొలిచాను. హైదరాబాదు నుంచి దుబాయి 2,550, అక్కణ్ణుంచి షికాగో 11,640. కలిపితే పెరిగింది 900 కిలోమీటర్లే, గంట సేపు ఎగిరితే అయిపోతుంది. తక్కిన ఆలస్యమంతా దుబాయి కుర్చీల్లో పడిగాపులదే.

ఇదంతా అత్తమ్మకు చెప్పబోతే మధ్యలోనే ఆపింది. ఎనభై దాటాయి ఆమెకు.

"గవన్నీ నాకెందుకే! కబురు పోతే ఎన్నొద్దులకొస్తది పిల్ల?"

"ఇయ్యాల ఎక్కితే ఎల్లుండి తెల్లారేసరికి ఇంట్ల ఉంటది అత్తమ్మా."

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "గట్లయితే అందుతది," అని చిక్కుడుకాయలు ఈనెలు తీయడంలో పడింది.