మోకు నుంచి కవచం దాకా

కొమ్మలున్న చెట్టయితే ఎక్కేవాడి పని సగం నేల మీదే అయిపోతుంది. సన్నని తాడుకు బరువు కట్టి కొమ్మ మీదుగా విసిరి, దాని వెంట లావు తాడు లాగి, దాన్ని పట్టుకుని పైకి పోవచ్చు. కల్లు గీసేవాడు ఎక్కే తాటిచెట్టుకు కొమ్మే లేదు. తాడు మనిషితో పాటే ఎక్కాలి.

అలా పుట్టిందే మోకు. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే లావు తాడు అది. కాళ్లకు గుజి అనే తాడు బంధం. గీత కార్మికుడు వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది. అప్పుడు పాదాలు పైకి జరుపుతాడు. ఆ తర్వాత ఒంటిని చెట్టుకు దగ్గరగా లాక్కుని, వదులైన మోకును ఒక్క విదిలింపుతో పైకి ఎగదోస్తాడు. ప్రాణం మీదికి వచ్చేది ఆ క్షణంలోనే. అప్పుడు మనిషిని మోసేవి పాదాలు మాత్రమే. వానకు మాను నాని ఉంటే అవీ జారతాయి, మోకూ ఆయనతోనే కిందికి జారుతుంది. మొవ్వు దగ్గర గెల గీసేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి ఒళ్లంతా మోకు మీదే ఆనుతుంది. పొద్దున, సాయంత్రం ఇదే వరస.

రాయలసీమలో ఈ పని ఈడిగలది. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల గ్రంథంలో వాళ్ల గురించి రాశాడు. అంతకు ముందే, 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద సర్కారు కల్లు మీద పన్ను వసూలు చేసేది. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్య నిషేధాన్ని కడప జిల్లాకు విస్తరించింది. పన్నుకైనా, నిషేధానికైనా లెక్కలోకి వచ్చింది కల్లే. ఎక్కేవాడి నడుముకున్న తాడును ఎవరూ పట్టించుకోలేదని నాకు బాధ.

కొండలెక్కేవాళ్లు ఈలోగా ముందుకు పోయారు. ఆస్ట్రియా వాడు కార్ల్ ప్రూసిక్ పేరుతో 1931 నుంచి వ్యాప్తిలోకి వచ్చిన ముడి, బరువు పడితే తాడును బిగపట్టేస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. మనిషి జారినప్పుడు దానంతటదే బిగపట్టే ఆ గుణమే మోకుకు లేదు. కేరళలో కొబ్బరిచెట్లకు పాదాల కింద బిగించుకునే యంత్రాలు వచ్చాయి. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు యువతకు వాటి మీద శిక్షణ మొదలుపెట్టింది. గీత కార్మికుల వంతు 2024 జూలైలో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం కిట్లు పంచింది. కాలు జారినా మనిషి బెల్టుకు వేలాడాలన్నది దాని ఉద్దేశం. దానికి అక్కడ కల్లు గీసే గౌడల కులదైవం పేరు పెట్టడం కూడా నాకు నచ్చింది.

కడప జిల్లాలో తొండూరు, పులివెందుల వైపు ఈడిగలకూ ఇలాంటి కవచం అందాలి. కల్లు గీసే ఈత చెట్టు తాటికన్నా పొట్టిదే కదా, కవచం ఎందుకు అనే మాట తరచూ వినిపిస్తుంది. కానీ ఇరవై అడుగుల నుంచి పడినా వెన్ను విరగొచ్చు. కిట్టు చేతిలో పెట్టి పంపితే చాలదు. తాతల నాటి విదిలింపుకు అలవాటుపడిన చేతులకు కొత్త తాడు మీద నమ్మకం కుదరాలంటే, ఆ ఊరి చెట్టు మీదే, గీత తెలిసిన మనిషే నేర్పాలి.