బల్ల మీద పాత విన్చెస్టర్

ఒహాయోలో మా షూటింగ్ క్లబ్బు పెద్దాయన బల్ల మీద విన్చెస్టర్ 52 రైఫిల్ పెట్టి, "కొనేముందు దీని కథ విను" అన్నారు.

1887లో స్టీవెన్స్ కంపెనీ .22 లాంగ్ రైఫిల్ తూటా తెచ్చింది. నిప్పు రాజుకునే మందు దాని అడుగు అంచులోనే ఉంటుంది, అందుకే రిమ్‌ఫైర్. 1919లో, న్యూజెర్సీలోని కాల్డ్‌వెల్ జాతీయ పోటీల్లో, ఆ తూటానే పేల్చే ఈ 52 తొలిసారి కనిపించింది. 1856లో పుట్టిన జర్మన్ సంస్థ అన్షూట్జ్, రెండో యుద్ధం తర్వాత ఉల్మ్‌లో మళ్లీ నిలబడి దీనికి గట్టి పోటీ ఇచ్చింది.

బెంచ్‌రెస్ట్ అనే గురి పోటీలో తుపాకీ ఇసుక సంచుల మీద ఆనుతుంది. 50 గజాల దగ్గర తేడా తెచ్చేవి గొట్టం, ట్రిగ్గర్, తూటా, గాలిని చదివే కన్ను. ఒక్కో గొట్టానికి ఒక్కో తూటా నప్పుతుంది. ఆ తూటాను వెతికే ఓపిక నేర్పుతుందనే నా తొలి రైఫిల్‌గా ఆ పాత 52నే ఎంచుకున్నాను.